మగ్గం దరువు

ఆ దూరపు దీవిలో ఒక ఆచారముంది. చీకట్లో పడవ తిరిగివచ్చేటప్పుడు భార్య ఒడ్డున నిలబడి కొబ్బరి చిప్పలు కొడుతుంది. నీటిలో మునిగిన రాళ్ల నడుమ మగవాడికి ఆ చప్పుడే దారి. ఎమ్మిగనూరులో మగ్గం మానేసి చేపల వేటకు వచ్చిన రామాంజి కోసం అరుణకుమారి ఆ చిప్పల మీద తమ మగ్గం దరువే కొడుతుంది.

ఒక రాత్రి ఆమె కొడుతుండగా రామాంజి వెనుకనుంచి వచ్చి నవ్వాడు. "ఇంగ సాలు, ఆపు మే. వచ్చినా గదా."

ఆమె ఆపింది. అతని చొక్కా పొడిగా ఉంది.

సముద్రం మీదినుంచి అదే గొంతు అరిచింది. "అరుణా, ఆపాకు మే! దారి కనపళ్లేదు!"

"ఎవురు మే వాడు?" అన్నాడు పక్కనున్న రామాంజి, వింతపడుతూ.

ఇన్నేళ్లూ భర్తను దేనితో గుర్తుపట్టిందో ఆమెకు తోచలేదు. ఇద్దరినీ పక్కపక్కన చూడాలనిపించింది. మళ్లీ కొట్టడానికి చిప్పలెత్తింది.

అతడు మెల్లగా ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఎప్పటిలాగే వెచ్చగా ఉంది.