కాటుక ఏకాదశి

పెరట్లో ఉండే నల్లకుక్క పేరు కాటుక. ఏకాదశినాడు అది మెతుకు ముట్టదు. ఇంటి ముసలమ్మను చూసి నేర్చుకుంది. నాలుగు గరిక పరకలు కొరికి, కుండలో నీళ్లు తాగి, అరుగు కింద పడుకుంటుంది. మర్నాటికి ఒళ్లు దూదిపింజలా తేలిపోతుంది.

"కుక్కకెందుకక్కా ఉపవాసం? స్వర్గంలో నీకు పీట వేస్తారా?" అన్నాడు తోడికుక్క గుండోడు, దాని ముద్ద కూడా తానే మింగుతూ. కోడిపుంజు రెక్కలు కొట్టుకుని మరీ నవ్వింది.

"పుణ్యం ముసలమ్మనే తీసుకోమను. ఒక్కరోజైనా నా కడుపు నా మాట వినాలి. మీరు నవ్వితే లేచి తింటాననుకున్నారా?" అంది కాటుక.

మధ్యాహ్నం ముసలమ్మ భజనకు వెళ్లింది. ఎవడో గోడ దూకి, కుక్కలకు చెరో మాంసం ముక్క విసిరి, పుంజు మెడ పట్టుకున్నాడు. గుండోడు తోకాడిస్తూ ముక్క మీద పడ్డాడు. కాటుకకు నోరూరింది. ఊరితే ఊరనీ అనుకుంది. ముక్కను దాటుకుంటూ వెళ్లి దొంగ పిక్క పట్టుకుంది. వాడు పుంజును వదిలేసి, కుంటుకుంటూ గోడెక్కి పారిపోయాడు.

గుండోడు మూతి నాక్కుంటూ వచ్చాడు. "వాడు దొంగని నాకు తెలీలేదక్కా."

"తెలీక కాదురా. సొంత కడుపుకే వద్దని చెప్పలేనివాడివి, దొంగకేం చెప్తావు?"