మూడోసారి వేసిన దారి

"అవ్వా, పక్కకి జరుగు. నీ నీడ గోతిలో పడుతోంది!"

మేస్త్రీ స్తమెన్ అరిచిన అరుపుకి తారు పనివాళ్ళందరూ తలెత్తారు. స్తోయ్నా అవ్వ మాత్రం నింపాదిగా పీట ఎత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"పడితే ఏం? నా నీడకేమైనా బరువుందా?"

అతను రోలర్ పక్కన సిగరెట్ కాలుస్తున్న ముసలి మించో చేతుల వంక చూశాడు. ఆ చేతుల్లో ఎప్పుడూ ఒక తాడుంటుంది. దారి అంచు తిన్నగా వచ్చిందో లేదో చూసుకునే తాడే. అయినా ఇప్పుడు స్తమెన్‌కి ఆ తాడంటే గుబులు.

రోడోపి కొండల్లో, ఏటి వెంట, పాత రైలు కట్ట మీద వేస్తున్న బాట అది. నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ. కట్టంతా గట్టి నేలే, పాత వంతెన దగ్గర తప్ప. అక్కడ వేసిన తారు రెండుసార్లు ఏట్లోకి జారిపోయింది. అందుకే ఈసారి లోతుగా గొయ్యి తవ్వి, అడుగున నీటి గొట్టం వేసి కంకర నింపుతున్నారు. ఈసారీ జారితే ఈ దారి మాట మరిచిపొమ్మని పట్నం ఆఫీసు తేల్చి చెప్పేసింది. అప్పుడిక ఊరి పిల్లలు ఎప్పటికీ లారీల రోడ్డు మీదే బడికి పోవాలి. ఆ రోడ్డు మలుపులో ఒక ఇనుప శిలువ ఉంది. దాని మీద అవ్వ పెద్ద మనవరాలు దోనా పేరుంది. చిన్నది నెదా రోజూ ఆ శిలువ పక్కనుంచే బడికెళ్తోంది.

గుబులు పుట్టించింది మించోనే. ఒకనాడు రొట్టె తింటూ అన్నాడు:

"ఎంత కంకర పోసినా ఇది నిలవదురా. దీనికి కాపలా లేదు. మా తాత వంతెనలు కట్టేవాడు. పని దగ్గరికి వచ్చిన మనిషి నీడని దారంతో కొలిచి, ఆ దారాన్ని పునాదిలో పెట్టేవాళ్ళు. ఇక ఆ కట్టడం కదిలేది కాదు."

"మరి ఆ మనిషి?" అడిగాడు స్తమెన్.

"నలభై రోజుల్లో పోతాడు. పోయి తలసమ్ అవుతాడు. కట్టడాన్ని కాచే దయ్యం."

"అయితే నీ నీడే కొలుచుకో మామా. ఆ పొట్ట చుట్టూ తిరగడానికి దారం చాలుతుందో లేదో!" అన్నాడొక కూలీ.

అందరూ నవ్వారు. మించో నవ్వలేదు.

మాట ఊళ్ళోకి పాకింది. తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని వంతెన దాటించేస్తున్నారు. కంకర లారీవాడు కిందికి దిగకుండానే ఒంపేసి పోతున్నాడు. పొద్దు వాలే వేళకి ఏటి మీంచి మంచు లేచి గోతి చుట్టూ తచ్చాడేది.

అవ్వ ఒక్కతే రోజూ వచ్చేది. వద్దంటే వినేది కాదు. దాంతో స్తమెన్ ఒక ఉపాయం చేశాడు. ఆమె నీడ ఎవరికీ చిక్కకుండా తానే ఎండకి అడ్డంగా నిలబడేవాడు.

"అలాగే ఉండు నాయనా, ఎండ కళ్ళలో పొడుస్తోంది. నిచ్చెనలాంటి మనిషివి, నీ నీడ చాలు నాకు," అని ఆమె ఆ నీడలోనే పీట వేసుకుని ఏదో అల్లుకునేది. అల్లిక మీద గుడ్డ కప్పి ఉంచేది. పూర్తి కాకముందే ఎవరైనా చూస్తే కలిసి రాదట.

"నీకెవరున్నారు?" అని ఒకసారి అడిగింది.

"ఎవరూ లేరవ్వా. నా కాపురమంతా తారుతోనే."

"అమ్మ?"

"పోయింది."

అల్లిక సూదులు కాసేపు ఆగాయి. తరవాత ఆమె జున్ను పెట్టి కాల్చిన పొరల రొట్టె, బనిత్స ముక్క ఒకటి అతని చేతిలో పెట్టింది. "తిను," అంది.

తారు పోసే ముందురోజు కంకర సర్దుతుంటే, రాళ్ళ అడుగున నీలి దారం ఒకటి కనిపించింది. రెండు కొసలా ముడులు. స్తమెన్ పరుగున పోయి మించో కాలర్ పట్టుకున్నాడు.

"నా తాడు తెల్లదిరా గుడ్డోడా! మా అమ్మ మీద ఒట్టు, నాకేం తెలీదు!"

అప్పుడే అవ్వ వచ్చింది. స్తమెన్ ఆమెను కదలొద్దన్నాడు. దారాన్ని ఆమె నీడ పక్కనే పరిచాడు. ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది. నీడ అయిపోయింది, దారం ఇంకా ఎంతో మిగిలింది.

"నీది కాదవ్వా!" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కాదా? అయితే దాన్ని అక్కడే ఉండనీ నాయనా. ఎవరిదో ఏమో. కదిలిస్తే కీడు."

తేలికపడ్డ మనసుతో అతను దారాన్ని గోతిలోకి విసిరి కంకర కప్పేశాడు. మర్నాడు వేడి తారు పోయించి, రోలర్ తానే ఎక్కి రెండు దఫాలు తొక్కించాడు.

వసంతపు వానలొచ్చాయి. ఏరు పొంగింది. దారి వెంట్రుకవాసి కదల్లేదు. నెదా సైకిల్ గంట మోగించుకుంటూ వంతెన దాటింది. అడుగున వేయించిన నీటి గొట్టం చలవేనన్నాడు స్తమెన్. రోలర్ నడిపిన నాటి నుంచీ అతనికి దగ్గు వదల్లేదు, రాత్రిళ్ళు ఒళ్ళు కాలుతోంది. తారు పొగ పడలేదేమో అనుకున్నాడు.

సామాను సర్దుకునే రోజున అవ్వ వచ్చింది. చిన్న మూట ఒకటి చేతిలో పెట్టింది. అతని మొహంలోకి చూడలేదు.

"తొడుక్కో నాయనా. చలేస్తుంది."

"ఎండలు ముదురుతుంటే చలేంటవ్వా!" అని నవ్వబోయి దగ్గాడు. "ఇన్నాళ్ళూ నిన్ను కాపాడలేక చచ్చాననుకో."

ఆమె గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, కొత్త దారి మీద వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

స్తమెన్ మూట విప్పాడు: లోపల ఒక జత మేజోళ్ళు, తాను రోలర్‌తో తొక్కించిన ఆ నీలి దారపు ఉండలోంచే అల్లినవి.