గుండు అచ్చు

"నా పందే! ఈ కుండలో ఉడుకుతున్నది నా పందే!" ఓబద్యా చేతికర్రతో టమ్సిన్ పొయ్యి మీది కుండను పొడిచాడు.

రేపు ఆదివారం, ప్రార్థనల రోజు; పొయ్యి ముట్టించకూడదని ఊరి కట్టుబాటు. అందుకని భర్త పోయిన టమ్సిన్ ఇవాళే చిక్కుడు గింజల్లో మాంసం వేసి ఉడికిస్తోంది. ఇద్దరు పిల్లలూ కుండ వంకే చూస్తూ కూర్చున్నారు. నెల రోజులుగా ఆ ఇంట్లో మొక్కజొన్న జావ తప్ప ఇంకేదీ లేదు.

"తెల్లారి తలుపు తీస్తే గుమ్మంలో ఉందండీ మాంసం. దేవుడే పంపాడనుకున్నాను," అంది టమ్సిన్.

"ఓహో! దేవుడొచ్చి నా దొడ్లో పందికి గురిపెట్టాడన్నమాట!"

కానిస్టేబుల్ హనోకు గరిటెతో కుండలో కెలికాడు. ఓ ముక్కలోంచి సీసపు గుండు బయటపడింది. సొట్టైనా పడలేదు. దొంగతనం రుజువైతే కొరడా దెబ్బలు, ఆపైన ఊళ్లోంచి వెలి. బయట మోకాలి లోతు మంచు. పిల్లల్ని వెంటేసుకుని ఆమె ఎక్కడికి పోతుందని అడిగే నాథుడు లేడు.

హనోకు గూట్లోంచి టమ్సిన్ గుండ్లు పోసుకునే అచ్చు తీసి, ఆ గుండు అందులో పెట్టి నొక్కాడు. అచ్చు మూసుకోలేదు.

"ఇది ఈ ఇంటి గుండు కాదయ్యా. ఏ తుపాకీ అచ్చు దానిదేగా."

"అయితే ఎవరిచేతో కాల్పించి ఉంటుంది! ఊళ్లో అచ్చులన్నీ తెప్పించు. ఎవరిదైతే వాళ్లని కొయ్యకు కట్టు. కొరడాతో నేనే కొడతాను. ఎవరైనా సరే, జాలి లేదు!"

ప్రార్థన మందిరం గంట కొట్టారు. మందిరం ముంగిట కొరడా కొయ్య దగ్గర ఆడవాళ్లు తమ తమ పొయ్యిగూటి అచ్చులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. గుండ్లు పోసేది వాళ్లే మరి. ఒక అచ్చులో గుండు వదులైంది, ఇంకోదాంట్లో బిగిసింది. తొమ్మిది ఇళ్లు అయిపోయాయి. చివర్న ఓబద్యా భార్య హెఫ్సిబా ఉంది.

"మాది చూడక్కర్లేదులే. నా పందిని నేనే కాల్చుకుంటానా?" అన్నాడు ఓబద్యా. ఎవరో కిసుక్కున నవ్వారు.

అయినా హనోకు అటు అడుగేశాడు. హెఫ్సిబా అచ్చును గుండెలకు హత్తుకోవడం టమ్సిన్ చూసింది.

"ఆగండి!" టమ్సిన్ అరిచింది. "ఇంకెవర్నీ అడగొద్దు. నేనే చంపాను."

"విన్నావా! ముందే చెప్పానా లేదా!" ఓబద్యా కొరడా కోసం మందిరంలోకి కేకేశాడు.

హనోకుకి నమ్మకం కుదరలేదు. కానీ నోటితో ఒప్పుకున్నాక చేసేదేముంది? తాడు అందుకున్నాడు. పిల్లలు తల్లి గౌను పట్టుకుని ఏడుపు లంకించుకున్నారు. టమ్సిన్ వాళ్ల వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించుకుని కొయ్య దగ్గరికి నడిచింది.

హెఫ్సిబా వరసలోంచి ముందుకొచ్చింది. హనోకు అరచేతిలోంచి గుండు తీసుకుని తన అచ్చులో పెట్టి నొక్కింది. వెంట్రుక దూరేంత సందైనా లేకుండా అచ్చు మూసుకుంది.

"కాల్చింది నేను," అంది భర్తతో. "కొరడా అందుకోండి."