జానెడు కుట్టు

“ఇదిగో, మళ్లీ ఆగింది,” అంది లక్ష్మీప్రసన్న, మిషన్ ముందు నుంచి లేవకుండానే.

మెకానిక్ యాదగిరి అప్పుడే గడప దాటి లోపలికి వచ్చాడు. భుజాన ఉన్న సంచి దించి, టేబుల్ మీద పరిచిన పొడవాటి కర్టెన్ గుడ్డను చేత్తో పట్టుకుని చూశాడు. అంచు పొడుగునా జానెడుకొకచోట కుట్టు తెగి ఉంది.

“నువ్వు జెర లేవక్కా. నేను చూస్త.”

అతను కూర్చుని పెడల్ తొక్కాడు. జానెడు నడిచింది. ఆగింది. కచక్‌మని దారం తెగి, గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం దానంతటదే పైకి లేచింది.

“యాడ కొన్నవు దీన్ని?”

“మా బట్టల ఫ్యాక్టరీలోనే. ఇక్కడ మూసేసి వెళ్తూ పాత మిషన్లన్నీ అమ్మేశారు. ఇది నేను కూర్చున్న మిషనే. చేతికి అలవాటని ఏరికోరి తెచ్చుకున్నాను.”

“గాడ ఏం కుట్టేదానివి?”

“చొక్కా చేతికి కఫ్ పైన చీలిక ఉంటుంది చూడు, దాని పట్టీ. లైన్లో ఒక్కొక్కరిది ఒక్కో ముక్క. కాలర్ వాళ్లు కాలరే, జేబు వాళ్లు జేబే. నాది పట్టీ.”

“ఎన్నేండ్లు?”

“మావాడు అంగన్‌వాడీకి వెళ్లేటప్పుడు చేరాను. ఇప్పుడు వాడు ఇంటర్.”

యాదగిరి తలాడించాడు. “గదే మరి. పట్టీకి ఎంత గావాల్నో అంతకే సెట్ చేసి పెట్టిన్రు. అంత కుట్టంగనే అదే ఆగుతది, అదే కోస్తది. నువ్వు కర్టెన్ పెట్టినవని దానికెట్ల తెలుస్తది?”

“తీసెయ్యగలవా అది? సాయంత్రం అంకిత వస్తుంది. అమీన్‌పూర్‌లో కర్టెన్ల షాపు ఆవిడది. ఈ ఒక్క తెర నచ్చితే కొత్త అపార్ట్‌మెంట్ల ఆర్డరంతా నాకిస్తానంది. నచ్చకపోతే వేరేవాళ్లకి పోతుంది. మా ఆయన్ని ప్లాంటులో పనిలోంచి తీసేసి రెండో నెల. ఇదే మాకిప్పుడు ఆధారం.”

“పరేషాన్ గాకు.”

యాదగిరి ప్యానెల్ బటన్లు నొక్కాడు. జానెడు లెక్క తీసేశాడు. దారం కోయడం, పాదం లేవడం కూడా ఆపేశాడు. “గీ షోకులన్నీ నీకెందుకు? ఇగ మామూలు మిషన్ లెక్క నడుస్తది,” అంటూ గుడ్డ లేకుండా ఒకసారి తొక్కాడు. ఝుమ్మని నడిచింది.

లక్ష్మీప్రసన్న కూర్చుని కొత్త తెర అంచు పాదం కింద పెట్టింది. మిషన్ నడిచింది. జానెడు దాకా వెళ్లి ఆగిపోయింది. గుడ్డ పక్కకు జారి కుట్టు వంకరపోయింది.

“చూశావా? దారం తెగలేదు గానీ, ఆగడం మాత్రం పోలేదు.”

“మళ్ల తొక్కు.”

మళ్లీ అంతే. యాదగిరి టార్చి వేసి టేబుల్ కిందికి వంగాడు. ఆమెతో ఇంకో రెండుసార్లు తొక్కించి చూశాడు. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

“పాతది ఇంక పూర్తిగా పోలే అక్కా. ఇన్నేండ్లది. ఒక్క బటన్ నొక్కితే పోతదా?”

“బోర్డు మార్చాలా?”

“చూద్దాం. ముందుగాల జెర చాయ్ పెట్టు.”

ఆమెకు ఒళ్లు మండింది. అయినా పెట్టింది. వంటింట్లోంచి చూస్తే అతను వాకిట్లో నిలబడి ఫోన్లో తన రిపేరు షాపువాళ్లతో మాట్లాడుతున్నాడు. “ఇంక ఆగుతనే ఉందిరా. లేటైతది.”

చాయ్ అయ్యాక మళ్లీ కూర్చుంది. మళ్లీ జానెడే. ఈసారి ఆమె గుడ్డను ఒళ్లోకి లాక్కుని ముఖం తిప్పుకుంది.

“వెళ్లిపో అన్నా. అంకితకు ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తా.”

“గట్లెట్ల? నేను కింద కూసుండి వైరు పట్టుకుంట. నువ్వు కుట్టుకుంట పో. ఆగితే ఆగనీ.”

టేబుల్ కింద కూర్చుని అడిగాడు. “మీది కాకినాడ దిక్కా?”

“పెద్దాపురం.”

“మీ దిక్కు చేపల పులుసుల బెల్లం ఏస్తరంట. గది పులుసా, పాయసమా?”

“ఎవరు చెప్పారు నీకు?” మిషన్ కదిలింది. “చిన్న ముక్క వేస్తారు. పులుపు విరగడానికి.”

“చేపకు బెల్లమేందక్కా. చేప నవ్వదా?”

“నవ్వితే నవ్వనీ. మీరు చేసే పులుసు తిన్నాను, మా పక్కింట్లో. నాలిక రెండు రోజులు పనిచేయలేదు.”

“కారం లేకుంటే గది జ్వరమొచ్చినోళ్ల తిండి.”

“అయ్యా, కారం వేరు, మంట వేరు. ముందు ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించాలి. చింతపండు పులుసు తెర్లాక ముక్కలు వెయ్యాలి. గరిటె పెట్టకూడదు. దాక పట్టుకుని తిప్పాలి.”

“గరిటె పెడితే ఏమైతది?”

“ముక్క చితికి ముద్దవుతుంది. మీ ఆవిడ పెడుతుందా గరిటె?”

“పెడ్తది. నాకే పెడ్తది ఒక్కోపారి.”

లక్ష్మీప్రసన్న పకపకా నవ్వింది. నవ్వుతూనే కిందికి చూసింది. సూది కింద గుడ్డ లేదు. తెర మొత్తం అవతలి వైపు కుప్పగా పడి ఉంది. అంచు పొడుగునా ఒకే కుట్టు, గీత గీసినట్టు.

“అన్నా, నడిచింది.”

“నడుస్తది. ఇంకో అంచు గూడ ఏసెయ్. పులుసుల ఇంకేం ఏస్తరో చెప్పు.”

అంకిత వచ్చి తెరను వెలుతురుకు పట్టి చూసింది. రెండు అంచులూ వేలితో తడిమింది. “రేపటి నుంచి గుడ్డ పంపిస్తా అక్కా,” అంది.

యాదగిరి సంచి సర్దుకుని బయటికి వచ్చేసరికి రిపేరు షాపు నుంచి, అక్కడ పనిచేసే శివకుమార్ ఫోన్ చేశాడు.

“గింత సేపా అన్నా? ఏం పోయింది మిషన్‌ల?”

“ఏం పోలే. నేను రాంగనే సెట్టింగ్ తీసేసిన. అప్పట్నించి మిషన్ మంచిగనే ఉంది.”

“మరి ఇంక ఆగుతనే ఉందంటివి?”

యాదగిరి బండి తాళం తిప్పుతూ గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“ఆగింది ఆమె కాలురా.”