తాళం దొంగ

దొంగలు తాళం పగలగొట్టలేదు. తాళాన్నే ఎత్తుకుపోయారు.

కూతురు ఫోన్లో ఆ మాట చెప్పగానే తల్లి ఉన్నపళంగా లేచింది. బీరువా లాగి చూసింది. పెరటి తలుపు గడియ చూసింది. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

"ఇంటి తాళం కాదమ్మా! నేను గీసిన తాళం. ఐకాన్!"

ఐకాన్ అంటే ఏమిటో ఆవిడకు ఈ మధ్యే తెలిసింది. ఇళ్లకు కాపలా పెట్టే కంపెనీ ఒకటి ఫోన్లో యాప్ తెస్తోంది. దాని మీద వేలితో నొక్కడానికి బంగారు రంగు తాళంకప్ప బొమ్మ కావాలి. నొక్కబుద్ధి అయ్యేలా నిగనిగలాడాలి. ఆ పని కూతురి ఆఫీసుకొచ్చింది. ఎవరి బొమ్మ నచ్చితే వాళ్లకు ప్రమోషనని మేనేజరు అనేసరికి, కూతురు ఆఫీసులో ఎవరి కంటా పడకుండా ఇంట్లోనే కంప్యూటరు ముందు తపస్సుకు కూర్చుంది. ముందు పసుపు పొర. అంచుల్లో ముదురు నీడకు ఇంకో పొర. అన్నిటికన్నా పైన, ఎడమ పక్కగా, తెల్లటి వెలుగు ముక్క. దాన్ని కాస్త కాస్తగా పలచన చేస్తూ పోతే చివరికి తాళం అప్పుడే నూనెగుడ్డతో తుడిచినట్టు మెరిసింది.

తల్లికి మాత్రం మెరుపు కన్నా గుబులే ఎక్కువ. కరెంటు పోతే? కంప్యూటరు పేలితే? ఆవిడ తత్వమే అంత. ఇల్లు కదిలే ముందు గ్యాస్ పొయ్యికి ఓ ఫోటో, ఇస్త్రీపెట్టె ప్లగ్గుకు ఓ ఫోటో, తాళం వేశాక తాళానికో ఫోటో తీసుకుంటుంది. దారిలో గుండె దడ వస్తే చూసుకోవడానికి. కూతురు ఆఫీసుకు క్షేమంగా చేరిందో లేదోనని పక్కసీటు గిరజాల అబ్బాయికి రోజూ మెసేజ్ పెడుతుంది. కూతురు ఎలాగూ జవాబివ్వదు. "చేరింది ఆంటీ", "తిన్నది ఆంటీ" అని పాపం ఆ అబ్బాయే చెబుతాడు. వెన్నలాంటి పిల్లాడు.

తాళం పూర్తయిన రోజు ఇంట్లో అచ్చంగా దొంగతనమే జరిగిందనుకున్నారు. కూతురు కంప్యూటర్లో బొమ్మలు గీసే తెల్ల పెన్ను మాయమైంది. తల్లి కొరియర్ మనిషిని అనుమానించింది, పక్కింటి పిల్లిని కూడా వదల్లేదు. తీరా పెన్ను ఆవిడ నెత్తినే దొరికింది. తలస్నానం చేసి, చుట్టుకున్న తువ్వాలు జారకుండా చేతికందిన పుల్లేదో గుచ్చుకుందట.

"ఇప్పుడేం చేస్తారే నిన్ను?" అంది తల్లి ఫోన్లో.

"ఎవరో అచ్చం నాలాంటిదే నాకన్నా ముందు మేనేజరుకిచ్చారు. నేనే కాపీ కొట్టానంటున్నారు. ఇవాళ తేలకపోతే ఉద్యోగం ఊడినట్టే."

ఆవిడకు ఉద్యోగం వినపడలేదు, సంకెళ్లు వినపడ్డాయి. జైల్లో చలేస్తుందేమోనని ఒక దుప్పటి, జలుబు మాత్రలు సంచిలో కుక్కుకుని ఆఫీసుకు పరుగెత్తింది.

మీటింగు గదిలో గోడ మీద రెండు తాళాలు పక్కపక్కనే మెరుస్తున్నాయి. రెండో తాళం పక్కన నిలబడ్డది గిరజాల అబ్బాయి.

"బాబూ, నువ్వా?" అంది తల్లి.

"నమస్తే ఆంటీ. మీ అమ్మాయి ఇలా చేస్తుందనుకోలేదు" అన్నాడతను బాధగా.

"నా ఫైలు తేదీ చూడండి సార్" అంది కూతురు.

"కంప్యూటర్లో తేదీ మార్చడం ఎంతసేపు సార్?" అన్నాడు గిరజాలు.

మేనేజరు బట్టతల తడుముకున్నాడు. "నువ్వు ఇంట్లో తలుపేసుకుని గీసింది ఇతనెలా చూస్తాడమ్మా? అది చెప్పు ముందు."

తల్లి దుప్పటిని గట్టిగా హత్తుకుంది.

ఉన్నట్టుండి కూతురు గోడ దగ్గరికి నడిచింది. "సార్, నా తాళానికి వెలుగు ఒక్క పక్కనుంచే పడుతుంది. ఇతని దానికి కుడివైపు కింద ఇంకో మెరుపుంది. ఆ వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అదే నా స్టైలు. గ్లాసీగా ఉండాలంటే ఆ మాత్రం రిఫ్లెక్షన్ పడాలి. నీకు చేతకాక వదిలేశావు" అన్నాడతను.

"దాన్ని పెద్దది చేయండి సార్."

మేనేజరు పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. గోడంతా ఒక తెల్లటి మరక పరుచుకుంది. పైన గుండ్రటి ముద్ద. ముద్దలోంచి అడ్డంగా ఒక పుల్ల. కింద, పైకి లేచిన రెండు చేతుల్లాంటివేవో.

"ఏమిటయ్యా ఇది? గుమ్మడికాయా?" అన్నాడు మేనేజరు.

కూతురు మరకను చూసింది, మెల్లగా తల తిప్పి తల్లిని చూసింది.

"అమ్మా... రోజూ ఇతనికి మెసేజ్ పెడతావుగా, నీ ఫోన్లో డీపీ ఏం పెట్టుకున్నావే?"

"నీ తాళమేనే! కంప్యూటరు పేలినా ఒకటి మిగులుతుందని ఫోటో తీశాను. చూడముచ్చటగా ఉందని అదే పెట్టుకున్నా" అంటూ తల్లి ఫోను తీసి అందరి ముందూ పెట్టింది: తెర మీద కూతురి తాళం, ఆ తెర అద్దంలో తలకు తెల్ల తువ్వాలు చుట్టి, దానికి పెన్ను గుచ్చి, రెండు చేతులా ఫోను పైకెత్తి ఫోటో తీస్తున్న ఆవిడ నీడ. గిరజాల అబ్బాయి తాళంతో పాటు ఆవిణ్ణి కూడా, పెన్నుతో సహా, మెరుపనుకుని దించేశాడు.