లారీకి మెడ ఎక్కడ?

మిట్ట సగం ఎక్కి లారీ మళ్లీ ఆగిపోయింది.

వెనక నల్లటి పొగ. పైన నిండుగా రసాల గంపలు.

సాయంత్రం నూజివీడు రోడ్డు స్టేషన్లో గూడ్సు కదిలిపోతుంది. అది తప్పితే శేషగిరిరావు మొదటి కాపు వ్యాగను ఎక్కదు. ఈ ఎండకి గంపల్లోనే మగ్గి కారిపోతుంది.

శేషగిరిరావు మామిడి వ్యాపారి. కాయల మీద ఉన్నంత ప్రేమ ఆయనకు మనుషుల మీద ఉందని ఊళ్లో ఎవరూ నింద వేయలేదు.

"డీజిలు అమ్ముకుని కిరసనాయిలు పోశావు గదూ?" అన్నాడు క్యాబిన్‌లోంచి దిగకుండానే.

డ్రైవరు సలోమోనుకు ఒళ్లు మండింది.

"నోట్లో పోసుకుని చూడండి. ఏదో తెలిసిపోద్ది."

"మాటలకేం తక్కువ లేదు. బండి లాగదేం?"

"ఫిల్టరు కడిగాను. పంపులో గాలి తీశాను. బ్రేకులు పట్టెయ్యలేదు. నిన్న ఇటుకల లోడుతో ఇదే మిట్ట ఎక్కిందండీ ఈ బండి. ఇంత నల్లపొగ కక్కుతోందంటే డీజిలు చాలక కాదు, గాలి చాలక. నిన్నటికీ ఇవాళ్టికీ మారింది ఒక్కటే."

బానెట్ ఎత్తి చూపించాడు.

లోపల ఇంజను గాలి పీల్చుకునే డబ్బా ఉంది. డబ్బాకీ మూతకీ మధ్య గాలి లోపలికి పోయే సన్నటి సందు. ఆ సందు చుట్టూ మడతల మీద మడతలుగా బిగించి ఒక పసుపు గుడ్డ.

మొదటి కాపు తోలేటప్పుడు పోలేరమ్మ గుడి నుంచి పసుపు గుడ్డ తెచ్చి ఎడ్ల మెడలో కట్టడం శేషగిరిరావు ఇంటి ఆచారం. ఎడ్లు పోయి లారీ వచ్చినా గుడ్డ రావడం మానలేదు. గుడికి వెళ్లి తెచ్చేది తల్లి. శేషగిరిరావు కొట్టు వదిలి ఆ గుడి మొహం ఎన్నడూ చూడలేదు.

కానీ లారీకి మెడ ఎక్కడ?

ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడి, బానెట్ ఎత్తి, మెడలా కనిపించిన చోటును ఖాయం చేశారు. శేషగిరిరావే స్వయంగా బిగించి కట్టాడు.

"విప్పండి," అన్నాడు సలోమోను.

"విప్పితే మా అమ్మ నన్ను గడప తొక్కనిస్తుందా? అమ్మవారి గుడ్డ!"

"అయితే నేను విప్పుతాను."

"ముట్టుకున్నావో, రేపట్నుంచి స్టీరింగు ముట్టుకోవు. మీ దేవుడు కాదని లోకువా?"

సలోమోను చేతులు కట్టుకుని మడ్‌గార్డుకు ఆనుకున్నాడు.

"సరే. ఇక్కడే ఉందాం. కాయలు పండాక దారినపోయేవాళ్లకు పంచుదాం."

శేషగిరిరావు పళ్లు నూరాడు. ఎండ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

అప్పుడే వెనక నుంచి ఒక ముసలామె నడిచి వచ్చింది. చంకలో మూట. కాళ్లకు చెప్పుల్లేవు.

"స్టేషన్ దారిలో దింపుతారా నాయనా?"

"అసలే లాగని బండి. నువ్వొకత్తివి తక్కువా? పో పో!" కసిరాడు శేషగిరిరావు.

ఆమె పోలేదు. బానెట్‌లోకి తొంగిచూసింది.

"ఏమైంది దీనికి?"

"ఊపిరాడట్లేదు పెద్దమ్మా," అన్నాడు సలోమోను. "ఆ గుడ్డ తీస్తే లేచి పోద్ది. తీసే దిక్కు లేదు."

"మెడలో కట్టమంటే పీక నులిమారా?"

మూట కింద పెట్టింది. గుడ్డ ముడి రాలేదు. పంటితో కొరికి, సర్రున చింపి లాగేసింది.

శేషగిరిరావు ఆ పూట మొదటిసారి క్యాబిన్‌లోంచి దూకాడు.

"ఎవర్తివే నువ్వు? అమ్మవారి గుడ్డ చింపడానికి నీకెంత పొగరు?"

"పొగరే. ఊపిరి ఆపితే అమ్మవారైనా ఒప్పుకోదు."

"అమ్మవారి సంగతి నువ్వు నాకు చెప్తావా?"

"చెప్పక? వినేవాడివి నువ్వొక్కడివే ఉన్నావు ఇక్కడ."

సలోమోను నవ్వు ఆపుకుంటూ స్టార్టు చేశాడు. పొగ పలచబడింది. లారీ రెండో గేరులో మిట్ట మీదికి సాఫీగా ఎక్కి ఆగింది.

"రా పెద్దమ్మా, ఎక్కు!" కేకేశాడు.

"అది ఎక్కితే నువ్వు దిగు," అన్నాడు శేషగిరిరావు, ఆయాసపడుతూ మిట్టెక్కి వచ్చి. "ఆ పాపిష్టిదాన్ని నా బండిలో ఎక్కించుకుంటే దానికి చుట్టుకునే పాపమేదో నాకూ చుట్టుకుంటుంది."

సలోమోను నిజంగానే దిగడానికి తలుపు తీశాడు.

ముసలామె చెయ్యి ఊపింది.

"నువ్వు పో నాయనా, కాయలేం పాపం చేశాయి? దాని ఊపిరి దానికిచ్చాను. నా కాళ్లు నాకున్నాయి."

గూడ్సు అందింది. ఆఖరి గంప ఎక్కాక వ్యాగను తలుపు మూశారు.

కాయల భయం తీరాక శేషగిరిరావుకు అమ్మవారి భయం పట్టుకుంది. తిరుగుదారిలో పోలేరమ్మ గుడి దగ్గర లారీ ఆపించాడు. కొబ్బరికాయ పట్టుకుని దిగాడు.

గుడికి తాళం వేసి ఉంది. అరుగు మీద జనం కూర్చుని ఉన్నారు.

"పూజారమ్మ ఇంకా రాలేదండీ," అన్నాడు కొబ్బరికాయలమ్మే వీరయ్య. "పొద్దున నూజివీడు వైపు ఎవరికో ఒంట్లో బాగోలేదంటే పసుపిచ్చి రావడానికెళ్లింది. ఈపాటికి ఏదో లారీ ఎక్కి రావాలి."

"రానీ. కాళ్ల మీద పడతాను," అన్నాడు శేషగిరిరావు. "ఎవర్తో మతిలేనిది అమ్మవారి గుడ్డ చింపేసింది. తప్పు నాది కాదని ఆమె చేత అమ్మవారికి చెప్పించాలి. దానికి తగిన శాస్తి కూడా అడగాలి."

పొద్దు వాలింది. అరుగు మీది జనం ఒక్కసారిగా లేచి దారి ఇచ్చారు. వీరయ్య తువ్వాలు భుజం మీంచి తీసేశాడు.

దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లతో కుంటుకుంటూ ఆ ముసలామె వచ్చి, కొబ్బరికాయ పట్టుకుని కొయ్యబారిపోయిన శేషగిరిరావును దాటుకుని, బొడ్లోంచి తాళంచెవి తీసి గుడి తలుపు తెరిచింది.