కళ్లు మూయని మనిషి

ప్రార్థనలు నిషేధించాక మా కుట్టుమిషన్ల గదిలోనే రహస్యంగా చేరేవాళ్లం. అందరూ కళ్లు మూసుకుంటే, ఒకరు మాత్రం మెలకువగా తలుపును కనిపెట్టుకుని ఉండాలి. ఆ రాత్రి నా వంతు.

"తలుపు మీంచి చూపు తిప్పకు వదినా," అని మరీ మరీ చెప్పి, మా మరిది ప్రార్థన ఎత్తుకున్నాడు.

"ప్రభువా, శత్రువుల చేతికి మమ్మల్ని అప్పగించకయ్యా!"

ఆడవాళ్లు వెక్కివెక్కి ఏడ్చారు. తలుపు గడియ కదల్లేదు. వీధిలో కుక్క కూడా మొరగలేదు. నా వెనక మాత్రం కిటికీ పరదా రింగులు సన్నగా చప్పుడు చేశాయి.

తిరిగి చూశాను.

మరిది ప్రార్థిస్తూనే ఉన్నాడు. ఒక చేత్తో పరదా పక్కకు లాగి, రెండో చేత్తో టార్చిలైటు వీధిలోకి వెలిగించి ఆర్పుతున్నాడు.

నన్ను చూసి నవ్వాడు.

"ఇంకా గట్టిగా ప్రార్థించండి," అన్నాడు అందరితో. "ఎవరూ కళ్లు తెరవకండి."